ఏటి బొట్టు

వానలు వెనకపట్టిన తొమ్మిదో నాటికి పసిడేరు తన అసలు రంగుకు వచ్చింది.

నాగశిల కొండల మీంచి దూకేటప్పుడు చిలికిన మజ్జిగలా తెల్లగా, అడవుల మధ్య నడిచేటప్పుడు చెరకు పానకంలా చిక్కగా ఉండే ఆ ఏరు నెమలిరేవు చేరేసరికి తేరుకునేది. అడుగున పరిగెత్తే చేపపిల్ల నీడ కూడా కనిపించేంత తేటగా మారేది. ఒడ్డున రెల్లు వెండి కుచ్చుల్లా పూసి ఊగుతోంది. ఎండ పడిన చోటల్లా తడి ఇసుకలోంచి సన్నని మెరుపు లేచి, కళ్ళు చిట్లించేలోపు ఆరిపోతోంది.

నీలధార రాజ్యంలో ఈ రోజు కోసం జనం ఏడాది పొడుగునా ఎదురు చూసేవారు. సద్దిమూటలు కట్టుకుని, చెక్క మరిగెలు చంకన పెట్టుకుని, చుట్టాలతో స్నేహితులతో కలిసి ఏట్లోకి దిగేవారు. మరిగెలో ఇసుక వేసి, నీళ్ళు ముంచి, గుండ్రంగా తిప్పి తిప్పి గాలిస్తే తేలికదంతా పొర్లిపోయి అడుగున నల్ల ఇసుక మిగిలేది. అదృష్టం ఉంటే ఆ నలుపులో ఆవగింజలో సగమంత బంగారు రవ్వ. దాన్ని ఇంటికి పట్టుకుపోవడం మర్యాద కాదు. వేలికొసకు అద్దుకుని, తనతో వచ్చినవాళ్ళలో ఒకరి నుదుట పెట్టాలి. అదే ఏటి బొట్టు. సాయంత్రం స్నానం చేస్తే ఆ రవ్వ మళ్ళీ ఏటికే పోయేది. మిగిలేదల్లా ఎవరు ఎవరికి పెట్టారన్న కబుర్లు, ఏడాదికి సరిపడా వేళాకోళాలు.

మూడేళ్ళ కిందట తామ్రాక్షుడనే మాంత్రికుడు వచ్చి రాజును మాయనిద్రలో ముంచాక ఆ ఆట ఆగిపోయింది. వాడు ఏటికి అడ్డంగా ఆనకట్ట వేయించి, దాని నడుమ నల్లబండ మీద తామ్రదుర్గం కట్టించాడు. కొరడా చూపించి ఖైదీల చేత బంగారం గాలింపించాడు. భయంతో పోగైన బంగారమే వాడి మంత్రానికి తిండి. మిగతావాళ్ళెవరూ ఏటి జోలికి రాకుండా డప్పు వేయించాడు.

"నా సెలవు లేకుండా పసిడేట ఇసుక గాలించినవాడు ఇసుకైపోతాడు."

తొమ్మిది రోజుల కిందట, వరద తీసిన మొదటి పూట, ఆ డప్పు లెక్కచేయకుండా మరిగె పట్టుకుని నడి ఏటి దిబ్బ మీదికి వెళ్ళినవాడు ఒక్కడే. పడవల మాచన్న. అతను ఇంకా ఆ దిబ్బ మీదే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు మరిగె పట్టుకున్నట్టే చాచి, కనురెప్పల వెంట్రుకలతో సహా ఇసుక బొమ్మై ఉన్నాడు. ఇవాళ పొద్దుగూకగానే తామ్రదుర్గం తూములు ఎత్తుతారు. నీళ్ళు దిబ్బను ముంచెత్తుతాయి. ఊరందరూ వచ్చి అది కళ్ళారా చూడాలని మళ్ళీ డప్పు వేశారు.

మాచన్న చెల్లెలు చెంగల్వ ఒడ్డున నిలబడి అన్నవైపు చూస్తోంది. పొద్దు ఇంకా రెండు తాటిచెట్ల ఎత్తున ఉంది.

"చూసింది చాల్లే. బియ్యం మూట ఇలా అందుకో," అంది మేనత్త సూరవ్వ.

ఆమె పక్కన మాచన్న భార్య కుందవ్వ మూడు మరిగెలు పట్టుకుని నిలబడింది. తొమ్మిది రోజులుగా కుందవ్వ నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేదు. వీళ్ళ వెనక, భుజాన గాజుల మలారంతో, పెద్ద తలపాగాతో ఒక శెట్టి. ఆ మలారంలో గాజుల మధ్య కత్తి ఉందనీ, ఆ తలపాగా కింద ఉన్నది యువరాజు విజయకేతుడనీ చెంగల్వకు మాత్రమే తెలుసు. అడవిలో ఒక వృద్ధ తపస్విని దగ్గర మూడు నెలలు కట్టెలు కొట్టి అతను సంపాదించుకొచ్చిన రహస్యం ఒక్కటే. కొరడా చూపి తీసిన బంగారం తామ్రాక్షుడికి బలం. ఆడుతూ పాడుతూ దొరికిన బంగారం వాడికి విషం. అలా దొరికిన రవ్వను మంత్రం తగిలిన మనిషి నుదుట బొట్టుగా పెడితే మంత్రం విడిపోతుంది.

"వాడి మంత్రానికి మాటే ప్రాణం," అని కూడా చెప్పిందట ఆ తపస్విని. "డప్పులో ఏ మాట పలికిందో ఆ మాట మేరకే కాటు వేస్తుంది."

ఆ సంగతి చెంగల్వ నిన్న అత్తకు చెప్పింది. సూరవ్వ కాసేపు వక్క నములుతూ ఆలోచించి, "అయితే బియ్యం తీసుకెళదాం," అంది.

ఒడ్డు పొడుగునా రాగి రంగు ముఖాల భటులు ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. రెప్ప వేయరు, నవ్వరు. మనుషుల్ని పట్టుకుపోయి తామ్రాక్షుడు అలా మార్చాడని అందరికీ తెలుసు. ఎవరి ముఖం ఎవరిదో పోల్చుకోలేరు. వాళ్ళ ముందు నుంచే నాలుగు అడుగులు వేసి, నీటి అంచున తడి ఇసుక మీద సూరవ్వ కాలు జారినట్టు తూలింది. మూట ముడి ముందే వదులుగా కట్టి ఉంది. నాలుగు కుంచాల బియ్యం ఇసుకలో ఒలికిపోయాయి.

"నీ చేతులు పడ, ఆ మూట అలాగేనా పట్టుకోవడం," అని ఆమె చెంగల్వ మీద విరుచుకుపడింది. మూట పట్టుకున్నది తనే అన్న సంగతి ఆమెకు అడ్డం రాలేదు. "ఇంటిల్లిపాదీ ఏం తింటారిప్పుడు? నీ మొహం చూసి కడుపు నింపుకోమంటావా? కూర్చో. ఎత్తు. ఇసుక పోయేదాకా గాలించు."

నలుగురూ బియ్యాన్ని ఇసుకతో సహా దోసిళ్ళతో మరిగెల్లోకి ఎత్తారు. బియ్యం కన్నా ఇసుకే ఎక్కువ ఎత్తారు. నీళ్ళు ముంచారు. చెంగల్వ మరిగె ఒకసారి తిప్పి తన కాలి వేళ్ళు చూసుకుంది. అవి వేళ్ళలాగే ఉన్నాయి. రెండోసారి తిప్పింది. ఏమీ కాలేదు.

రాగి ముఖపు దళపతి వచ్చి వాళ్ళ మీద నీడ పడేలా నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నారు?" బిందె మీద గరిటెతో కొట్టినట్టుంది గొంతు.

"కనిపించడం లేదా? బియ్యం గాలిస్తున్నాం," అంది సూరవ్వ తలెత్తకుండానే.

"ఏట్లో గాలించకూడదని ఆజ్ఞ."

"ఆజ్ఞ నేనూ విన్నాను నాయనా, చెవులకింకా ముసలితనం రాలేదు. ఇసుక గాలించొద్దన్నారు. బియ్యం గాలించొద్దన్నారా? ఆ డప్పువాణ్ణి పిలు, ఇంకోసారి చెప్పిద్దాం."

"ఆ బియ్యంలో ఇసుక ఉంది."

"లేకపోతే గాలించడం ఎందుకు? మీ ఇంట్లో ఆడవాళ్ళు శుభ్రమైన బియ్యాన్ని పొద్దుపోక గాలిస్తారా?"

ఒడ్డున ఎవరో కిసుక్కున నవ్వారు. పసిడేటి ఒడ్డున మూడేళ్ళ తర్వాత వినిపించిన మొదటి నవ్వు అది. దళపతి ఆ వైపు తిరిగాడు. నవ్వు ఆగలేదు, ఇంకో చోటికి మారింది. అతను వెంటనే ఒక భటుడికి సైగ చేశాడు. భటుడు కొమ్ముబూర ఎత్తి దుర్గం వైపు మూడుసార్లు ఊదాడు. అదేమిటో చెంగల్వకు అర్థం కాలేదు. చేతులు మాత్రం ఆపలేదు.

ఎంత గాలించినా ఆమె మరిగెలో నల్ల ఇసుకే మిగులుతోంది. రెండుసార్లు, మూడుసార్లు. ఆమె చూపు మాటిమాటికీ దిబ్బ మీదికి పోతోంది. గాలికి మాచన్న భుజం మీంచి సన్నగా ఇసుక రాలుతోంది.

"ఏటికి ఏడుపుమొహం చూపించకే," అంది అత్త గొంతు తగ్గించి. "అది కూడా ముఖం తిప్పేసుకుంటుంది. మీ అన్నయ్య ఎలా గాలించేవాడు? ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో నీ జడలో పీతను పెట్టేవాడు."

"నవ్వమంటే నవ్వు వస్తుందా అత్తా?"

"రాదు. అయితే శెట్టిని చూడు, వస్తుంది."

యువరాజు కత్తి తిప్పడం ఎరిగిన చెయ్యితో మరిగె తిప్పుతున్నాడు. మరిగె గిర్రున సుడి తిరిగింది, బియ్యం, ఇసుక, నీళ్ళు అన్నీ ఒక్కసారే ఎగిరి అతని తలపాగా మీద పడ్డాయి. మరిగె అడుగు తుడిచినట్టుంది. అతను దానిలోకి ఎంతో గంభీరంగా తొంగి చూశాడు.

"ఏమీ మిగల్లేదు," అన్నాడు.

"మిగలదు నాయనా. గాజులు తొడిగేటప్పుడు కూడా ఇంత విసురేనా? మీ ఊళ్ళో ఆడవాళ్ళకు మణికట్లు ఉన్నాయా?"

ఈసారి ఒడ్డంతా నవ్వింది. తొమ్మిది రోజుల తర్వాత కుందవ్వ పెదవి కొస కదిలింది. సూరవ్వ కూడా పొట్ట కదిలేలా నవ్వుతూనే మరిగె తిప్పుతోంది. ఆ నవ్వుల మధ్య, పైకి తేలిన బియ్యం ఇంకో మరిగెలోకి ఒంపుతుంటే, ఆమె మరిగె అడుగున నల్ల ఇసుక పక్కకు జరిగి పచ్చగా ఒక రవ్వ మెరిసింది.

"అత్తా," అంది చెంగల్వ.

కానీ సూరవ్వ చెయ్యి యాభై ఏళ్ళుగా పొయ్యి దగ్గర గాలించిన చెయ్యి. బియ్యం గాలించేవాళ్ళకు పైకి వచ్చింది అన్నం, అడుగున మిగిలింది చెత్త. ఇసుక గాలించేవాళ్ళకు సరిగ్గా తలకిందులు. ఆ సంగతి ఆమె మనసుకు తెలుసు గానీ మణికట్టుకు తెలియదు. అడుగున మిగిలినదాన్ని, రోజూ పెరట్లోకి విసిరేసినట్టే, ఒక్క విదిలింపుతో పక్కకు విసిరేసింది.

మరిగెలోకి తొంగిచూడటానికి అప్పుడే వంగిన దళపతి ముఖాన పడింది అది.

నల్ల ఇసుక కళ్ళల్లోకి, మీసాల్లోకి పోయింది. రవ్వ మాత్రం చెమట పట్టిన నుదుటి మధ్య అంటుకుని, వేడి రాతి మీద నేతి చుక్కలా లోపలికి ఇంకిపోయింది. రాగి రంగు అక్కడి నుంచి విడివడుతూ చెంపల మీదికి, మెడ మీదికి జారి ఇసుకలోకి కారిపోయింది. కింద చామనఛాయ ముఖం, ఎడమ కనుబొమ్మ మీద గాటు.

అతను కళ్ళు నులుముకున్నాడు.

"సూరవ్వక్కా, నువ్వా?" అన్నాడు. "ఆకలేస్తోంది. ఏం వండావు?"

"కొమ్మన్నా," అంది సూరవ్వ. అతను నెమలిరేవు పడవవాళ్ళకు పెద్ద. మూడేళ్ళ కిందట కనిపించకుండా పోయాడు. పోయిన రోజున ఇలాంటి ఆటలోనే సూరవ్వ చేత బొట్టు పెట్టించుకున్నాడు. ఆమె చేతిలో ఖాళీ మరిగె చూసుకుని, "ఎంత పని చేశానే చెంగల్వా," అంది మెల్లగా. "మాచన్నది వీడికి పెట్టేశాను."

కొమ్మన్న ఒడ్డు, దిబ్బ, దుర్గం వరసగా చూశాడు.

"ఆ బూర ఊదించింది నేనే," అన్నాడు. "జనం నవ్వితే పొద్దుగూకేదాకా ఆగొద్దు, వెంటనే తూములు ఎత్తెయ్యమని దానికి అర్థం."

అతని మాట పూర్తికాకముందే దుర్గం వైపు నుంచి ఇనుప గొలుసులు ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది. నల్లబండకు రెండు వైపులా తెల్లని నీటి తెరలు విచ్చుకున్నాయి. దుర్గం బురుజు మీద తామ్రాక్షుడి రెండు రాగి కళ్ళు ఎండకు తళుక్కుమన్నాయి.

"వాళ్ళను నరకండి," అని అక్కడి నుంచి ఒక గొంతు ఏరంతా ప్రతిధ్వనించింది.

భటులు ఈటెలు దించి కదిలారు. విజయకేతుడు మలారం తాడు లాగాడు. గాజులు గలగలమని జారి పడ్డాయి, వాటి మధ్యలోంచి కత్తి చేతికొచ్చింది. మొదటి ఈటెను తుంచి, రెండోవాణ్ణి నీళ్ళలోకి నెట్టి, మూడోవాడి తల మీద మరిగె బోర్లించాడు.

"చంపకు బాబూ, వీళ్ళంతా మనవాళ్ళే," అని కొమ్మన్న అరిచాడు.

"తెలుసు. అందుకే మరిగె వాడుతున్నాను," అన్నాడు యువరాజు.

కుందవ్వ అప్పుడు ఒడ్డు వైపు తిరిగింది. తొమ్మిది రోజులుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారి విప్పింది.

"చూడమని పిలిస్తే చూసి పోవడానికి వచ్చారా అందరూ? వండుకోవడానికి గింజల మూటలు తెచ్చుకున్నారుగా. అవి చేతుల్లోనే ఉండాలా?"

ఒక ముసలివాడు కర్ర పట్టుకుని నింపాదిగా నీటి అంచుకు నడిచి వచ్చాడు. మూట విప్పి, అందరూ చూస్తుండగా ఇసుకలో బోర్లించాడు.

"మావీ ఒలికాయి," అన్నాడు తాపీగా.

"మావీ," అంది ఒక బాలింత.

"మా ఇంట్లో అందరికీ చేతులు జారుడే," అన్నాడు ఇంకొకడు.

బియ్యం, నూకలు, జొన్నలు. ఒడ్డు పొడుగునా మూటలు ఒలికాయి. బుట్ట ఉన్నవాడు బుట్ట, చేట ఉన్నామె చేట, ఏమీ లేనివాడు తలపాగా విప్పి నీళ్ళలోకి దిగారు. కుటుంబాలకు కుటుంబాలు మోకాలి లోతులో నిలబడి, ఈటెల మధ్యే, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ గాలించడం మొదలుపెట్టారు. పరుగెత్తుకొచ్చిన భటుడొకడికి ఎవరో బొట్టు పెట్టారు. వాడు ఈటె కింద పడేసి తన పెళ్ళాం పేరు పిలిచాడు.

చెంగల్వ అది చూడటానికి ఆగలేదు. మరిగె పట్టుకుని దిబ్బ వైపు పరుగెత్తింది. పాయలో నీళ్ళు అప్పటికే తొడల దాకా వచ్చాయి. దిబ్బ ఎక్కి వెనక్కి చూసేసరికి ఆ పాయ పొంగి, నురగలు కక్కుతూ, ఒడ్డుకు దారి లేకుండా చేసేసింది.

మరిగెలో చూసుకుంది. ఒక్క బియ్యపు గింజ లేదు. పాయ దాటేటప్పుడు కొట్టుకుపోయాయి.

ఆమె అన్నకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇసుక కళ్ళు ఆమెను చూస్తున్నట్టే ఉన్నాయి. పక్కన చెలమ తవ్వి, మరిగెలో ఇసుక నింపి, నీళ్ళు ముంచింది. ఇక ఇది బియ్యం కాదు. వట్టి ఇసుక. తామ్రాక్షుడి మాటకు అడ్డంగా, వాడి కళ్ళ ఎదుట, ఏ సాకూ లేకుండా గాలిస్తోంది.

మొదటి తిప్పుకే కాలి వేళ్ళు మొద్దుబారాయి. చూస్తే ఇసుక.

దుర్గం మీంచి ఆ గొంతు వినిపించింది. "పిల్లా, ఆ మరిగె కింద పెట్టు. పాదాలతో సరిపెట్టి వదిలేస్తాను."

చెంగల్వ మరిగె తిప్పుతూనే తలెత్తింది. "నేను ఆడుకుంటున్నాను. మధ్యలో మాట్లాడించకు," అంది.

చీలమండలు పోయాయి. ఆమె అన్న వైపు తిరిగింది.

"ఇదిగో అన్నయ్యా, పందెం గుర్తుందా? ముందుగా రవ్వ తీసినవాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను ఒడ్డు దాకా మోయాలి. పదేళ్ళ పాటు నిన్ను మోసీ మోసీ నా నడుం విరిగింది. ఇవాళ నీ చేతిలో మరిగె కూడా లేదు. తొమ్మిది రోజుల నుంచి కూర్చున్నావు, ఒక్క రవ్వా తియ్యలేదు. చేతకాకపోతే చేతకాదని చెప్పు."

ఇసుక మోకాళ్ళ దాకా పాకింది. అన్న ముఖం మీద తొమ్మిది రోజుల కింద ఆగిపోయిన ఆ వెక్కిరింపు చూపు ఇంకా అలాగే ఉంది. అతని చెవి మీద ఒక పీతపిల్ల కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసుకుని, అది తీరిగ్గా అతని జుట్టులోకి నడిచి వెళ్ళింది.

"నా జడలో పెట్టినవి ఎన్నో," అంది చెంగల్వ. "లెక్క తీరింది పో."

నవ్వు తనంతట తనే వచ్చింది. వరద హోరులో, సగం ఇసుకైన కాళ్ళతో, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వింది. మరిగె అంచు మీంచి ఇసుక పొర్లిపోయింది. నల్లరేణువులు పక్కకు తప్పుకుని దారి ఇచ్చినట్టయింది. అడుగున పచ్చగా, జొన్నగింజంత రవ్వ. అంత పెద్దది ఆ ఏట్లో ఎవరూ చూసి ఉండరు.

ఆమె దాన్ని వేలికొసకు అద్దుకుని అన్న నుదుట పెట్టింది.

ఇసుక జలజలా రాలింది. మాచన్న ఊపిరి తీసుకున్నాడు, తుమ్మాడు, జుట్టులోంచి పీతను తీసి పారేశాడు.

"గెలిచావా?" అన్నాడు.

"గెలిచాను."

"సరే, ఎక్కు," అని వీపు తిప్పబోయి ఆమె కాళ్ళు చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది. నీళ్ళు దిబ్బ అంచులు కోసుకుంటూ వస్తున్నాయి. ఇసుక కాళ్ళకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో పడవవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను మారు మాట్లాడకుండా ఆమెను జాగ్రత్తగా ఎత్తి, కాళ్ళు తన ఛాతీ మీదికి వచ్చేలా భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు.

పాయకు అవతల, ఒడ్డున కుందవ్వ చెయ్యి పైకెత్తి ఊపుతోంది. ఆమె వేలికొసన ఒక మెరుపు. చెంగల్వకు కావలసిన బొట్టు అదిగో, అక్కడ ఉంది. నడుమ పసిడేరు విరుచుకుపడుతోంది. విజయకేతుడు ఒడ్డు నుంచి తాడు విసిరాడు. సగం దూరంలోనే వరద దాన్ని లాక్కుపోయింది.

మాచన్న ఒక్కసారి అటు చూశాడు. తర్వాత దిబ్బ ఎగువ కొస వైపు చూశాడు. రెండు తూముల నీళ్ళూ చెరో వైపు చీలిపోతుంటే, మధ్యన నల్లబండ చాటున ఇంకా తడవని ఇసుక పట్టీ ఒకటి మిగిలి ఉంది. దాని చివర తామ్రదుర్గం మెట్లు. ఆ మెట్ల పైన తూముల గొలుసులు చుట్టిన చక్రం. దాని పక్కన రెండు రాగి కళ్ళు.

అతను అటే నడక మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, ఒడ్డు అటు కాదు," అంది చెంగల్వ.

"తూములు మూస్తే ఏరు తగ్గుతుంది. తగ్గితే మీ వదిన నడిచి వచ్చి నీకు బొట్టు పెడుతుంది," అన్నాడు మాచన్న. "కాళ్ళు పైకి పట్టుకో. ఆ మరిగె మాత్రం వదలకు."

మెట్ల మీద నుంచి పదిమంది రాగి భటులు ఈటెలు దించి కిందికి రాసాగారు. మాచన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"పందెం ప్రకారం ఒడ్డు దాకా మోయాలి," అన్నాడు. "ఇవాళ్టికి ఒడ్డు ఇదే."